గోల్ఫు మైదానంలో నడక లెక్క

గోల్ఫు ఆటను మొదటిసారి చూచేవారికి కర్ర దెబ్బయే కంటికి కనిపిస్తుంది. బంతి గాలిలోకి లేవడం, దూరాన పచ్చికపై పడి దొర్లడం, ఇదే ఆట అనిపిస్తుంది. కాని గడియారం చేతబట్టి లెక్కిస్తే సంగతి వేరుగా తేలుతుంది. ఒక ఆట ముగియడానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. నేర్పుగల ఆటగాడు కొట్టేది డెబ్బది, ఎనుబది దెబ్బలు. ఒక్కొక్క దెబ్బకు కర్ర ఊపే కాలం రెండు సెకన్లు అనుకున్నా, నాలుగు గంటలలో కర్ర ఆడేది మూడు నిమిషాలకు లోపే. మిగిలిన కాలమంతా నడవడం, గురి చూచుకొనడం, తన వంతు కొరకు నిలబడడం.

కనుక గోల్ఫు మైదానానికి రూపకల్పన చేసేవారు దెబ్బలను మాత్రమే కాక నడకను కూడా రూపొందించవలెను. ఒక గుంట వద్ద ఆట ముగించినవాడు తర్వాతి దెబ్బ కొట్టే చోటికి ఎట్లు చేరుకుంటాడు? ఎంత దూరం? ఎంత ఎక్కుడు? ఎవరి బంతికి ఎదురుగా? ఈ ప్రశ్నలు చిన్నవిగా కనిపించినా, మైదానం మంచిచెడ్డలు చాలవరకు వీటిపైననే ఆధారపడి ఉన్నవి.

మైదానం స్వరూపం

పూర్తి గోల్ఫు మైదానంలో 18 భాగాలు ఉంటాయి. ఒక్కొక్క భాగాన్ని 'హోలు' అంటారు. హోలుకు మొదట 'టీ' అనే చదునైన తిన్నె, చివర 'గ్రీన్' అనే నున్నగా కత్తిరించిన పచ్చిక, ఆ పచ్చికలో 108 మిల్లీమీటర్ల వ్యాసం గల గుంట ఉంటాయి. టీకి, గ్రీన్‌కు నడుమనున్న పొడవైన పచ్చికబాటను 'ఫెయిర్‌వే' అంటారు. టీ మీదనుండి కొట్టిన బంతి ఎక్కడ పడితే అక్కడికి నడిచిపోయి, ఆ చోటనుండే మళ్ళీ కొట్టవలెను. తక్కువ దెబ్బలలో బంతిని గుంటలో వేసినవాడు గెలిచినట్లు. నేర్పరికి ఎన్ని దెబ్బలు పట్టవచ్చునో ఆ సంఖ్యను 'పార్' అంటారు. పొట్టి హోళ్ళకు పార్ 3, మధ్యరకానికి 4, పొడుగు వాటికి 5. పద్దెనిమిది హోళ్ళ నిడివి కలిపితే ఇంచుమించు 6 కిలోమీటర్లు.

ఈ 6 కిలోమీటర్లు ఆటలో భాగమైన నడక. దీనికి తోడు ఒక గ్రీన్ నుండి తర్వాతి టీ వరకు నడిచే నడక ఉన్నది. ఇందులో దెబ్బ లేదు, లెక్కకు వచ్చే ఫలితమూ లేదు. దీనిని ఒట్టి నడక అనవచ్చును. పద్దెనిమిది హోళ్ళ నడుమ ఇటువంటి ఎడాలు 17 ఉంటాయి.

కర్ర పొడవే కొలతగా

ఒకప్పుడు ఈ ఒట్టి నడక దాదాపు లేనే లేదు. స్కాట్లండులో ఎడింబరో దగ్గరి లీత్ ఆటగాళ్ళు 1744లో 13 నియమాలు వ్రాసుకున్నారు. గోల్ఫుకు దొరికిన నియమావళులలో అదే మొదటిది. అందులో తొలి నియమం ప్రకారం, తర్వాతి హోలుకు బంతిని ముందటి గుంట నుండి ఒక కర్ర పొడవు లోపలనే పెట్టి కొట్టవలెను. మన కర్రాబిళ్ళ ఆటలో దూరాన్ని కర్రతోనే కొలిచినట్లు, అక్కడ కూడా చేతిలోని కర్రయే కొలబద్ద అయినది. ఒక హోలు ముగిసిన చోటనే మరొకటి మొదలు. ఎడం ఒక మీటరు, అంతే.

అదే దేశంలో సముద్రతీరాన ఉన్న సెయింట్ ఆండ్రూస్ పాత మైదానం ఈ పద్ధతికి సజీవమైన ఉదాహరణ. ఆటగాళ్ళు ఊరి అంచున బయలుదేరి ఈడెన్ నదీముఖం వైపు పోయి, అక్కడ ఒక మెలిక తిరిగి, మళ్ళీ ఊరికి వస్తారు. మొదట పోయేటప్పుడు 11, వచ్చేటప్పుడు 11, మొత్తం 22 హోళ్ళు ఆడేవారు. 1764లో మొదటి నాలుగింటిని రెండుగా కలిపినారు. దానితో పోయేటప్పుడు 9, వచ్చేటప్పుడు 9, మొత్తం 18 అయినవి. నేడు లోకమంతటా పాటించే 18 సంఖ్య అక్కడనుండి వచ్చినదే.

పోయేవారికి, వచ్చేవారికి ఒకే గుంట ఉండడంతో రద్దీ పెరిగినప్పుడు చిక్కు వచ్చినది. అందువలన 19వ శతాబ్దంలో గ్రీన్‌లను వెడల్పు చేసి, ఒక్కొక్క దానిలో రెండేసి గుంటలు ఏర్పరచినారు. ఇప్పటికీ అక్కడ 7 జంట గ్రీన్‌లు ఉన్నవి. రెండవ హోలుకు పదహారవది, మూడవదానికి పదునైదవది, ఇట్లు జంటలోని రెండు సంఖ్యలు కలిపితే ఎప్పుడూ 18 వస్తుంది. గ్రీన్‌లు, టీలు ఇంత దగ్గరగా ఉండడం వలన ఆ మైదానాన్ని ఎదురు దిశలో కూడా ఆడవచ్చును. ఒకప్పుడు దిశ మార్చి మార్చి ఆడేవారు కూడా.

ఎడం ఎందుకు పెరిగినది?

గుంట పక్కనే కర్ర ఝళిపిస్తే గ్రీన్ పాడవుతుంది. కనుక టీని వేరుచేసి కొంత దూరం జరపవలసి వచ్చినది. ఇది మొదటి కారణం. రెండవది క్షేమం. గట్టి బంతి తలకు తగిలితే ప్రాణాపాయం. కుడిచేతి ఆటగాళ్ళలో నేర్పు తక్కువైనవారి బంతి తరచు కుడివైపుకు వంగిపోతుంది. వెనుకనుండి గ్రీన్ వైపు వచ్చే బంతులకు తర్వాతి టీ అడ్డుగా ఉండరాదు. అందువలన ఎడాన్ని మరీ కుదించడానికీ వీలులేదు. సెయింట్ ఆండ్రూస్‌లో 7వ, 11వ హోళ్ళు ఒకదానినొకటి దాటుకొంటూ పోతాయి. అక్కడ ఆటగాళ్ళు ఒకరినొకరు కనిపెట్టుకొని ఆడవలెను. క్రొత్త మైదానంలో అటువంటి దాటు ఎవరూ పెట్టరు.

మూడవ కారణం బంతియే. 1899లో అమెరికాలో కోబర్న్ హాస్కెల్ అనేవాడు సాగదీసిన రబ్బరు దారాన్ని చుట్టి చేసిన బంతికి పేటెంటు పొందినాడు. అది పాత బంతికంటె దూరం పోయింది. బంతి దూరం పోతే హోలు పొట్టి అవుతుంది. హోలును పొడిగించడానికి సులభమైన ఉపాయం టీని వెనక్కు జరపడం. ఇక్కడనే నడక లెక్క తప్పుతుంది.

గ్రీన్ పక్కననే ఉన్న టీని 40 మీటర్లు వెనక్కు జరిపినారనుకొందాం. ఆటగాడు 40 మీటర్లు వెనక్కు నడిచి, మళ్ళీ ఆ 40 మీటర్లు ముందుకు రావలెను. హోలు పెరిగింది 40, నడక పెరిగింది 80. పన్నెండు హోళ్ళను ఇట్లు పొడిగిస్తే 960 మీటర్ల నడక అదనం. దీనికి బదులు టీ మొదటినుండీ గ్రీన్‌కు 50 మీటర్లు ముందుగా ఉంటే? దానిని 40 మీటర్లు వెనక్కు తెచ్చినా ఇంకా 10 మీటర్లు ముందే ఉంటుంది. హోలు పెరుగుతుంది, మొత్తం నడక మాత్రం పెరగదు. ఒట్టి నడకలోని 40 మీటర్లు ఆట నడకలోకి మారినవి, అంతే.

ఈ సూక్ష్మాన్ని పట్టుకొన్నవాడు బ్రిటిషు రూపశిల్పి ఆలిస్టర్ మెకెంజీ. ఈయన వైద్యుడు. బోయర్ యుద్ధంలో సైన్యానికి వైద్యసేవ చేసినవాడు. 1920లో వెలువరించిన తన గ్రంథంలో మైదానాలకు కావలసిన లక్షణాలను 13 సూత్రాలుగా చెప్పినాడు. గ్రీన్ నుండి టీకి నడక తక్కువగా ఉండవలెననీ, ఆ కొద్ది నడకయూ ముందుకే సాగవలెననీ, అప్పుడు మున్ముందు హోలును పొడిగించడానికి చోటు మిగులుతుందనీ అందులో ఒకటి. నేల మిట్టపల్లాలతో ఉండవలెను గాని కొండ ఎక్కించరాదని మరొకటి.

కాలం, శక్తి

ఎడాల ప్రభావం ఎంతో అంకెలతో చూడవచ్చును. సగటు ఎడం 40 మీటర్లయితే 17 ఎడాలకు 680 మీటర్లు. సగటు 200 మీటర్లయితే 3,400 మీటర్లు. నిమిషానికి 80 మీటర్ల చొప్పున నడిచేవానికి మొదటి మైదానంలో ఒట్టి నడక ఎనిమిదిన్నర నిమిషాలు, రెండవదానిలో నలుబది రెండున్నర నిమిషాలు. హోళ్ళు రెండింటిలోనూ సమానమే. ఆటలో ఏ మార్పూ లేకుండానే 34 నిమిషాలు పోయినవి.

నేల ఎగుడైతే లెక్క ఇంకా మారుతుంది. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు ఒక సులభ సూత్రం చెప్పినాడు: మూడు మైళ్ళ నడకకు ఒక గంట, పైగా ప్రతి 2,000 అడుగుల ఎక్కుడుకు మరొక గంట. మూడు మైళ్ళు అనగా 15,840 అడుగులు. కనుక ఒక అడుగు ఎక్కుడు సుమారు 8 అడుగుల చదును నడకతో సమానం. ఎడాలన్నిటిలో కలిపి 100 మీటర్ల ఎక్కుడు ఉంటే అది 800 మీటర్ల అదనపు నడక క్రింద లెక్క.

భౌతికశాస్త్రం కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది. 70 కిలోగ్రాముల మనిషి 100 మీటర్లు ఎక్కడానికి చేసే పని 68,600 జౌళ్ళు, అనగా సుమారు 16 కిలోకాలరీలు. కండరాలు తాము ఖర్చుచేసే శక్తిలో నాలుగవ వంతునే పనిగా మార్చగలవు. కనుక శరీరానికి అయ్యే ఖర్చు 65 కిలోకాలరీలు. ఇది చదును నేలపై ఒక కిలోమీటరు నడకకు అయ్యే ఖర్చుతో ఇంచుమించు సమానం.

అందువలన గుట్టలున్న చోట రూపశిల్పి ఎక్కుడును ఎడాలలో పెట్టక, ఫెయిర్‌వేల పొడవునా పలచగా పరుస్తాడు. హోలును వాలుకు అడ్డంగా నడిపిస్తే ఆటగాడు ఎక్కుతున్నట్లు తెలియకుండానే పైకి చేరుకొంటాడు.

వరుస కుదర్చడం

18 హోళ్ళ స్థలాలు ముందే నిశ్చయించి, వాటి వరుసను, దిశను మాత్రం ఎంచుకొమ్మంటే ఎన్ని విధాలున్నవి? వరుసలు 18 నుండి 1 వరకు గల సంఖ్యల లబ్ధం. ఒక్కొక్క హోలును రెండు దిశలలో ఆడవచ్చును గనుక దానిని 18 రెండ్ల లబ్ధంతో గుణించవలెను. వచ్చే సంఖ్య ఇంచుమించు 17 పక్కన 20 సున్నలు. వీటన్నిటినీ పరీక్షించడం మానవమాత్రునికి సాధ్యం కాదు. రూపశిల్పి నేలపై కాలినడకన తిరిగి, గాలి, ఎండ, నీటిపారుదల చూచుకొని, పనికిరానివాటిని ముందే త్రోసివేస్తాడు. ఉదయపు ఎండ కళ్ళలో పడకుండా మొదటి హోలును తూర్పుకు, సాయంకాలపు ఎండ పడకుండా చివరి హోలును పడమరకు త్రిప్పకుండా ఉంటాడు.

సెయింట్ ఆండ్రూస్ వలె పోయి రావడం ఒక పద్ధతి. ఇందులో గాలి పోయేటప్పుడు ఎదురైతే వచ్చేటప్పుడు వెనుకనుండి వీస్తుంది. తొమ్మిది తొమ్మిదిగా రెండు చుట్లు వేయడం మరొక పద్ధతి. మెకెంజీ మెచ్చినది ఇదే. ప్రతి తొమ్మిది హోళ్ళకు ఆటగాడు బయలుదేరిన చోటికి వస్తాడు. అలసినవాడు ఆగిపోవచ్చును. మొదటి, పదవ టీల నుండి ఒకేసారి జట్లను పంపవచ్చును. స్కాట్లండులోని మ్యూర్‌ఫీల్డ్ మైదానంలో మొదటి తొమ్మిది వెలుపలి చుట్టుగా గడియారపు ముల్లు దిశలో, తర్వాతి తొమ్మిది లోపలి చుట్టుగా ఎదురు దిశలో సాగుతాయి. అక్కడ గాలి ఒక్కొక్క హోలుకు ఒక్కొక్క వైపునుండి తగులుతుంది.

నడక సాఫీగా సాగడానికి మరొక అడ్డంకి పార్-3 హోలు. పొడుగు హోలులో ముందు జట్టు గ్రీన్‌పై ఉండగానే వెనుక జట్టు టీ మీదనుండి కొట్టవచ్చును. పార్-3లో ఒకే దెబ్బకు బంతి గ్రీన్ చేరుతుంది గనుక, ముందు జట్టు పూర్తిగా వెళ్ళేవరకు ఆగవలసినదే. అక్కడ ఒక జట్టుకు 11 నిమిషాలు పడుతుండగా జట్లను 8 నిమిషాలకొకటి వదలితే, ప్రతి జట్టు తన ముందు జట్టుకంటె 3 నిమిషాలు ఎక్కువ ఆగుతుంది. ఇరువదవ జట్టు 57 నిమిషాలు నిలబడుతుంది. ఇరుకైన వంతెన వద్ద బండ్లు ఆగినట్లే ఇది. పార్-3ను ఆట మొదట్లో పెట్టకపోవడానికి ఇది ఒక కారణం.

బండి వచ్చిన తర్వాత

1950ల నుండి అమెరికాలో విద్యుత్ బండ్లు గోల్ఫు మైదానాలలో వ్యాపించినవి. వృద్ధులకు, కాళ్ళు బాగులేనివారికి ఇది గొప్ప మేలు. కాని బండి ఉన్నది గనుక ఎడం ఎంతైనా ఫరవాలేదనే భావం కూడా వచ్చినది. మైదానం చుట్టూ ఇళ్ళస్థలాలు అమ్మే వ్యాపారంలో హోళ్ళను ఒకదాని వెనుక ఒకటిగా ఇళ్ళ నడుమ సాగదీసినారు. ఎంత సాగితే అన్ని ఇళ్ళకు పచ్చిక ముంగిలి అవుతుంది. నడకను తప్పించడానికి వచ్చిన బండి, కొన్నిచోట్ల నడకను అసాధ్యం చేసినది. అక్కడ బండి లేనివాడు ఆడలేడు.

కాలు సరిలేనివాని హక్కు సంగతి న్యాయస్థానానికి కూడా వెళ్ళినది. కాలిలో రక్తప్రసరణ లోపం గల కేసీ మార్టిన్ అనే ఆటగాడు పోటీలలో బండి వాడుకొనవచ్చునని 2001లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 ఆధిక్యంతో తీర్పు చెప్పినది. 18 హోళ్ళ నడకకు సుమారు 500 కిలోకాలరీలు ఖర్చవుతాయని ఆ వ్యాజ్యంలో శరీరధర్మశాస్త్ర నిపుణుడు సాక్ష్యమిచ్చినాడు. 1999లో అమెరికాలోని ఓరెగాన్ తీరాన తెరచిన బాండన్ డ్యూన్స్ మైదానంలో అందరూ నడిచే ఆడవలెను. అశక్తులకు మాత్రం బండి అనుమతిస్తారు. రెండు ధర్మాలు కలిసి ఉండగలవని దీనివలన తెలుస్తుంది.

నడక లాభం చిన్నది కాదు. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు 3 లక్షలమంది గోల్ఫు ఆటగాళ్ళ వివరాలు పరిశీలించి, అదే వయస్సు, అదే తరగతికి చెందిన ఇతరులకంటె వారిలో మరణాల రేటు 40 శాతం తక్కువగా ఉన్నదని 2008లో ప్రకటించినారు. ఆరోగ్యవంతులే ఆటకు వస్తారు గనుక ఇదంతా ఆట మహిమయే అనడానికి వీలులేదు. అయినా వారానికి కొన్ని గంటల నడక శరీరానికి మేలుచేస్తుందనడంలో సందేహం లేదు.

భారతదేశంలో గోల్ఫు పాతదే. కలకత్తా క్లబ్బు 1829లో స్థాపితమైనది. హైదరాబాదులో గోల్కొండ కోటకు చేరిన నయాఖిల్లా వద్ద ఒక మైదానం ఉన్నది. మన దేశంలో ఆటగాని వెంట కర్రల సంచి మోసే మనిషి కూడా నడుస్తాడు. ఎడం ఒక మీటరు పెరిగితే అది పది కిలోగ్రాములకు పైబడిన బరువుతో అతడు కూడా నడవవలసిన మీటరే. మైదానం పటం గీసేవారు ఈ మనిషిని కూడా లెక్కలోకి తీసుకొనవలెను.

ఏ గోల్ఫు మైదానం పటమైనా దొరికితే పాఠకులు ఈ పరీక్ష చేసి చూడవచ్చును. ప్రతి గ్రీన్ నుండి తర్వాతి టీకి ఒక దారం పరచి, 17 ముక్కల పొడవును పటం కొలతతో కలిపి చూడండి. మొత్తం ఒక కిలోమీటరుకు లోపల ఉంటే, ఆ పటం గీసినవాడు దానిని కాళ్ళతో కూడా కొలిచి ఉంటాడు.