వేడెక్కిన భారచమురు నిక్షేపాల పరిశీలనలో భూకంప తరంగాలు

కెనడాలోని ఆల్బర్టాలో, అథబాస్కా ప్రాంతపు ఇసుకరేణువుల మధ్య చిక్కుకొని ఉన్న బిటుమెన్‌ను చమురు అనడానికి కొంత సాహసం కావాలి. నిక్షేపపు సహజ ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీల సెల్సియస్. ఆ చలిలో దాని స్నిగ్ధత నీటి స్నిగ్ధతకు పది లక్షల రెట్లకు తక్కువ కాదు. 200 డిగ్రీలు దాటేలా వేడిచేస్తే మాత్రం అది పలుచబడి పారుతుంది. ఇందుకు రోజర్ బట్లర్ రూపొందించిన పద్ధతిలో సుమారు 5 మీటర్ల ఎడంతో, ఒకదాని కింద ఒకటిగా రెండు క్షితిజ సమాంతర బావులు తవ్వుతారు. పై బావి ద్వారా నీటి ఆవిరిని పంపుతారు. కరిగిన బిటుమెన్ తన బరువుతోనే కింది బావిలోకి జారుతుంది. ఆవిరి ఆక్రమించిన భాగానికి ఆవిరిగది అని పేరు.

ఈ గది ఎటు పెరుగుతున్నదో తెలియకపోవడం ఖరీదైన అజ్ఞానం. ఒక పీపా చమురుకు సాధారణంగా రెండు మూడు పీపాల నీటిని ఆవిరిగా మార్చాలి, అందుకు సహజవాయువును మండించాలి. మధ్యలో బంకమట్టి పొర అడ్డుపడితే ఆ ఇంధనమంతా వృథా. ప్రమాదం అంతకన్నా పెద్దది. 2006 మే నెలలో ఆల్బర్టాలోని జోస్లిన్ క్రీక్ వద్ద ఆవిరి కప్పుశిలను ఛేదించి, రాళ్ళను ఎగజిమ్ముతూ నేలపైకి వచ్చింది. బావుల్లోని ఉష్ణమాపకాలు తామున్న చోటి సంగతే చెప్పగలవు. బావుల నడుమ ఏమి జరుగుతున్నదో చెప్పవలసినవి తరంగాలే.

సూత్రం సరళమైనది. ఆవిరి పంపకముందు ఒకసారి, తరువాత కొంతకాలానికొకసారి, అదే స్థలంలో, అదే అమరికతో కృత్రిమ తరంగాలను భూమిలోకి పంపి వాటి పరావర్తనాలను నమోదు చేస్తారు. 30 మీటర్ల మందం గల పొరలో తరంగవేగం సెకనుకు 2400 మీటర్లు అనుకుందాం. రానుపోను ప్రయాణానికి 25 మిల్లీసెకన్లు పడుతుంది. వేడివల్ల వేగం 2000 మీటర్లకు తగ్గితే అది 30 అవుతుంది. ఆ 5 మిల్లీసెకన్ల ఆలస్యమే ఆవిరి జాడ.

చిక్కంతా ఆ ఆలస్యానికి అర్థం చెప్పడంలోనే ఉంది. చల్లని బిటుమెన్ పూర్తిగా ద్రవం కాదు. దానికి కొంత దృఢత్వం ఉంటుంది, అందువల్ల ద్రవాలలో సాగని కోత తరంగాలు కూడా అందులో సాగుతాయి. రంధ్రాలలోని ద్రవానికి దృఢత్వమే లేదని భావించే గాస్‌మన్ సమీకరణం ఇక్కడ యథాతథంగా చెల్లదు. పైగా ఈ దృఢత్వం తరంగ పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది. ప్రయోగశాలలో లక్షల హెర్ట్జ్‌ల వద్ద గట్టిగా కనిపించిన నమూనా, క్షేత్రంలో పదుల హెర్ట్జ్‌ల వద్ద మెత్తగా ప్రవర్తించవచ్చు. ప్రయోగశాల వేగాలను నేరుగా క్షేత్రానికి అన్వయించడం ఈ కారణంగానే తప్పుదోవ పట్టిస్తుంది. అయితే ఈ చిక్కులోనే ఒక ఉపకారమూ ఉంది. వేడెక్కే తొలిదశలో దృఢత్వం నశించి కోత తరంగాల వేగం పడిపోతుంది. తరువాత ఆవిరి చేరినప్పుడు సంపీడన తరంగాల వేగమే ఎక్కువగా తగ్గుతుంది, కోత తరంగాలు అంతగా మారవు. రెండింటినీ కలిపి చదివితే వెచ్చబడిన అంచును, ఆవిరి నిండిన నడిమిభాగాన్ని వేరుచేయవచ్చు.

ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో ఉన్న దూరీ క్షేత్రం మరొక పాఠం నేర్పింది. 1990వ దశకంలో అక్కడ జరిపిన పునరావృత సర్వేలలో ఆవిరి చుట్టూ ఉన్న వలయంలో తరంగవేగం తగ్గడానికి బదులు పెరిగింది. ఆవిరికి ముందే వ్యాపించిన పీడనం అక్కడి వాయువును తిరిగి చమురులో కరిగించడమే అందుకు కారణం. వేగం తగ్గితే వేడి, పెరిగితే చలి అనే తేలికపాటి లెక్క పీడనం ముందు నిలవదు.

పోలిక నమ్మదగినది కావాలంటే రెండు సర్వేల మధ్య నేల మారకూడదు. అథబాస్కాలో చిత్తడినేలలు గడ్డకట్టే శీతకాలంలో సర్వేలు జరపడానికి యంత్రాల రాకపోకల సౌలభ్యంతో పాటు ఇదీ ఒక కారణమే. గ్రాహకాలను శాశ్వతంగా పాతిపెట్టడం ఇంకా మేలు. ఆరంభంలో ఖర్చు ఎక్కువైనా, ఆవిరి పంపకముందే ఆ పని ముగించాలి. వేడెక్కిన నిక్షేపానికి తొలి చిత్రాన్ని తరువాత తీయడం సాధ్యం కాదు.