గదబల నిత్యజీవనము: ఒక పేరు, రెండు భాషలు

పద్మనాభము పేరు విన్నంతనే చరిత్ర విద్యార్థికి 1794 జులై 10 స్ఫురించును. నాడు విజయనగర ప్రభువు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేన నెదిర్చి ఇచ్చట నేలకొరిగెను. ఆయన కుమారుడు నారాయణబాబు కొండ జమీందారుల నాశ్రయించెను. మన గ్రంథములలో మన్యము ఇట్లు ఓడినవారికి ఆశ్రయమిచ్చు చోటుగా కనబడును. ఆ కొండలలో తరతరములుగా కాపురమున్నవారి బ్రదుకు కనబడుట అరుదు. గదబల విషయమున ఆ లోపమును కొంత పూరింప యత్నింతుము.

గదబలు అరకు, సాలూరు ప్రాంతములలోను, ఒడిశాలోని కోరాపుట్ సీమలోను నివసింతురు. కొండవాలులలో పోడు కొట్టి సామలు, చోళ్లు పండింతురు. వాగుల వెంట మళ్లు కట్టి వరి వేయుదురు. చోడి అంబలి వీరి నిత్యాహారము. అడ్డాకుల విస్తళ్లు, జీలుగు కల్లు, వారపు సంత వీరి దినచర్యలో భాగములు. పండుగలలో స్త్రీలు ఒకరి వెనుక నొకరు చేతులు పెనవేసి, వాద్యముల లయకు థింసా ఆడుదురు. పూర్వము వీరిలో పలువురు పల్లకీలు మోసిరి. గుఱ్ఱము తమ వృత్తికి పోటీయని దానిని తాకెడివారు కారని 1907 నాటి విశాఖపట్టణ జిల్లా గెజెటీరులో ఫ్రాన్సిస్ వ్రాసెను.

స్త్రీల వస్త్రము విశేషమైనది. కెరంగు అను పొద బెరడునుండి నార తీసి, వడికి, రంగుల చారలు వచ్చునట్లు చిన్న మగ్గముపై తామే నేసికొనెడివారు. నేడు మిల్లు చీరె దాని స్థానము నాక్రమించినది. వస్త్రముతోపాటు నార తీయుట, వడుకుట, నేయుట అను పనులకు సంబంధించిన మాటలును మరుగున పడుచున్నవి.

ఇచ్చట పరిశోధకుడు ఒక పొరపాటు పడకుండవలెను. గదబ యనునది ఒక పేరేకాని ఒక భాష కాదు. గుతోబు గదబల భాష ముండా కుటుంబమునకు చెందినది; సవర, రెమో భాషలకు జ్ఞాతి. ఒల్లారి గదబల భాష ద్రావిడము. పర్జీకి దగ్గరిది, మన తెలుగునకు దూరపు బంధువు. భట్టాచార్య 1957లో ఒల్లారిపై గ్రంథము ప్రకటించెను. మైదానమున పలువురు గదబలకు తెలుగే ఇంటి మాట.

ఇట్టి స్థితి లోకమున మరియొకచోటను కలదు. అమెరికాలోని ఫ్లోరిడా చిత్తడి నేలలలో తలదాచుకొని, మూడు యుద్ధములకు నిలిచిన సెమినోలులు కూడ ఒకే పేరున రెండు భాషలవారు: మికసూకి, క్రీకు. ఒకటి వచ్చినవారికి రెండవది తెలియదు. అయితే అవి రెండును ఒకే కుటుంబమునకు చెందినవి. గదబల భాషలకు ఆ బంధుత్వమును లేదు. సెమినోలులకు చోడి అంబలికి బదులు మొక్కజొన్న జావ. వారి వంశములకు చిఱుతపులి, ఎలుగు, పక్షి మొదలగు పేర్లు కలవు. మన మన్యమునను కిల్లో యన్న పులి, కొర్రా యన్న సూర్యుడు, గొల్లోరి యన్న కోతి. ఒకే వంశమున వివాహము ఇరువురకును నిషిద్ధము. కాని వారి వంశము తల్లినిబట్టి, వీరిది తండ్రినిబట్టి వచ్చును. కుట్టుమిషను రాగా సెమినోలు స్త్రీలు రంగుపేలికలు కూర్చి కుట్టిన క్రొత్త దుస్తులనే తమ గుర్తుగా చేసికొనిరి. ఇచ్చట మిల్లుబట్ట రాగా పాత గుర్తు జారిపోయినది.

ఈ భేదము పాఠశాలలో ముఖ్యమగును. ఇంట గుతోబు పలుకు బాలుడు బడిలో తడబడినచో, అది చెడిన తెలుగని ఉపాధ్యాయుడు తలచుట అన్యాయము. అది తెలుగునకు ఏ చుట్టరికమును లేని మఱియొక భాష. గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చి, వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పుటకు పూనుకొనెను. మన పరిశోధక విద్యార్థులు కొండకు పోయినపుడు, మొదట పాటలనే కాక, కుండ, మగ్గము, నార, అంబలి అను వాటికి ఆ ఇల్లాలు వాడు మాటను అడిగి, ఆమె ఏ గదబయో తెలిసికొని వ్రాసికొందురుగాక. వస్త్రము పోయినను, దాని పేరైన మిగులును.