కడుపును పరీక్షించు విధము

మన విశాఖపట్టణమునందలి కింగ్ జార్జి ఆసుపత్రి 1923వ సంవత్సరమున నెలకొనినది. ఆ సంవత్సరముననే ప్రారంభమైన వైద్య కళాశాలకు 1940లో ఆంధ్ర వైద్య కళాశాల యను పేరు వచ్చినది. నాఁటినుండి నేఁటిదాఁక విద్యార్థులు ఆ ఆసుపత్రి వార్డులలో రోగి మంచము ప్రక్కనే నిలిచి వైద్యము నేర్చుకొనుచున్నారు. మన పాఠశాలనుండి ఆ విద్యకుఁ బోవఁగోరు బాలబాలికలు పెక్కుమంది కలరు. వారు మొదట నేర్వవలసిన పనులలో కడుపును పరీక్షించుట యొకటి. అది యెట్లు జరుగునో, దానివలన నేమి తెలియునో యిచ్చట వివరింపఁదలఁచితిమి. తల్లిదండ్రులకు మిక్కిలి యక్కఱకు వచ్చు మాటయు నొకటి యిందుఁ గలదు.

పొట్టమీఁద రెండు నిలువుగీతలును రెండు అడ్డగీతలును గీచినట్లు భావింపుఁడు. తొమ్మిది గదు లేర్పడును. కుడివైపు పై గదిలో, ప్రక్కటెముకల చాటున, కాలేయముండును. ఎడమవైపు పై గదిలో ప్లీహముండును. కుడివైపు క్రింది గదిలో ఉండుక మనెడి చిన్న తోఁకవంటి ప్రేఁగు కలదు. నడుమ క్రింది గదిలో మూత్రాశయము కలదు. కావున "ఎక్కడ నొప్పి?" యని యడిగినపుడు రోగి వ్రేలితోఁ జూపిన చోటే వైద్యునికి సగము త్రోవ చూపును.

దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అని మన పూర్వవైద్యులు రోగపరీక్షను మూఁడు విధములుగాఁ జెప్పిరి. నేఁటి విద్యార్థి ముందుగా రోగి చెప్పునది విని, పిమ్మట చూచుట, తాఁకుట, తట్టుట, వినుట యను నాలుగు పనులు చేయును. రోగి యనుమతి లేనిదే చేయి వేయరాదు. స్త్రీలను పరీక్షించునపుడు తెర యుండవలెను, తోడుగా నర్సుగాని బంధువుగాని యుండవలెను. రోగి తల క్రింద నొక దిండు పెట్టి, చేతులు రెండును ప్రక్కల నుంచి, వెల్లకిలఁ బరుండఁజేయవలెను. విద్యార్థి కుడిప్రక్కను నిలిచి, తన యఱచేతులను రాపాడి వెచ్చఁజేసికొనవలెను. చల్లని చేయి తగిలినచో పొట్ట తనంతట బిగిసికొనును. అపుడు లోపలి సంగతి యేమియుఁ దెలియదు.

మొదట చేతులు కట్టుకొని చూడవలెను. ఊపిరితోపాటు పొట్ట కదలుచున్నదా? ఒకవైపు ఉబ్బినదా? నరములు తేలినవా? పాత కోఁతల మచ్చలు కలవా? ఒక్కొక్క బిడ్డ పొట్టమీఁద కాల్చిన వాతల గుర్తులు కానవచ్చును. అవి రోగమును నయము చేయకపోయినను, ఆ బిడ్డ యెంతకాలమునుండి బాధపడుచున్నదో చెప్పును.

తరువాత తాఁకుట. నొప్పిలేని చోట మొదలుపెట్టి నొప్పి యున్న చోటికిఁ గడపటఁ బోవలెను. వ్రేళ్ల కొనలతోఁ బొడువక, వ్రేళ్లను బల్లపఱపుగా నుంచి మెల్లగా నొత్తవలెను. కన్నులు చేతిమీఁదఁ గాక రోగి ముఖముమీఁద నుండవలెను. నోట చెప్పని నొప్పిని కనుబొమలు చెప్పును. పొట్ట చెక్కవలె గట్టిపడి యుండినచో లోపల ప్రేఁగు చిల్లుపడినదేమో యని యనుమానించి, ఆలస్యము చేయక పెద్దవైద్యుని పిలువవలెను.

ప్లీహమును వెదకుట యందొక సూక్ష్మము కలదు. ఆరోగ్యవంతునిలో నది చేతికిఁ దగులదు. మామూలుకంటె రెండు మూఁడింతలు పెరిగినఁగాని ప్రక్కటెముకల క్రిందికి దిగదు. దిగునపుడు బొడ్డు మీఁదుగా కుడివైపు క్రిందికి సాగును. కావున చేతిని కుడివైపు క్రింద నుంచి, రోగి యూపిరి పీల్చినపుడెల్ల కొంచెము కొంచెముగా ఎడమ ప్రక్కటెముకలవైపు జరుపవలెను. ఎడమవైపుననే మొదలిడినచో, మిగులఁ బెరిగిన ప్లీహముమీఁదనే చేయి యుండుటచేత దాని యంచు దొరకదు. దీనినే మన పల్లెలలో "కడుపులో బల్ల" యందురు. పాడేరు, అరకు మొదలగు మన్యప్రాంతములలో చలిజ్వరము చిరకాలము బాధించినది. గ్రామములో నెంతమంది పిల్లలకు ప్లీహము పెరిగినదో లెక్కించియే ఆ జ్వరము తీవ్రతను గుర్తించెడివారు. ఆ జ్వరబీజమును 1897లో సికింద్రాబాదున రొనాల్డు రాసు దోమ కడుపులోనే కనుఁగొనెను.

తట్టుట మూఁడవది. సంతలో కుండ కొనువారు వ్రేలితో మ్రోఁగించి చూతురు గదా! ఎడమచేతి నడిమివ్రేలిని పొట్టపై నుంచి, కుడిచేతి నడిమివ్రేలితోఁ దానిపైఁ దట్టినచో, గాలి యున్న ప్రేఁగులు మ్రోఁగును, కాలేయము మొద్దుగాఁ బలుకును. జలోదరమున నీరు పల్లమునకుఁ జేరును గావున, రోగి ప్రక్కకుఁ దిరిగినపుడు మొద్దుధ్వని చోటు మాఱును. ఈ పద్ధతిని 1761లో ప్రకటించిన వియన్నా వైద్యుఁడు ఔవెన్‌బ్రుగ్గరు పూటకూళ్లవాని కుమారుఁడు. తండ్రి పీపాలను తట్టి ద్రాక్షసారాయి మట్టము తెలిసికొనుట చూచి నేర్చెనని చెప్పుదురు.

కడపట వినుట. 1816లో పారిసున లయెన్నెకు కాగితపు చుట్టతో నారంభించిన స్టెతస్కోపును పొట్టపై నుంచినచో ప్రేఁగుల గుడగుడ వినవచ్చును. తాఁకుటవలన ఆ చప్పుడు మాఱును గావున కొందఱు గురువులు దీనిని ముందే చేయింతురు. ఎంతసేపు విన్నను చప్పుడు లేకుండుట యపాయసూచకము.

స్కానింగు యంత్రములుండఁగా నీ శ్రమ యేల యని కొంద ఱడుగవచ్చును. యంత్రము ప్రతి పల్లెలోను, ప్రతి యర్ధరాత్రియు దొరకదు. దొరకినను, దేనికొఱకు చూడవలెనో చేయియే ముందు చెప్పును. మఱియొక సంగతి. ఈ విద్యను విద్యార్థులకు నేర్పునది గ్రంథములుగాక, వార్డులోని పేదరోగులు. నొప్పితో నున్న యొక కూలివాఁడు పదిమంది విద్యార్థులు వరుసగాఁ జేయి వేయుటకు ఓర్చుకొనుచున్నాఁడు. వానికి మ్రొక్కకపోయినను, పేరడిగి, మంచిమాట పలికి, కప్పిన దుప్పటిని మరలఁ గప్పి రావలసిన ఋణము మనకుఁ గలదు.

ఇఁక తల్లిదండ్రులకుఁ జెప్పవలసిన మాట. బిడ్డకు బొడ్డుచుట్టు నొప్పి పుట్టి, కొన్ని గంటలకు కుడివైపు క్రిందికి దిగి, వాంతియు జ్వరమును వచ్చినచో, అది ఉండుకపు వాఁపు కావచ్చును. అట్టి సమయమున ఆముదము పట్టింపరాదు. విరేచనపు మందువలన వాచిన యుండుకము పగులవచ్చును. వాత పెట్టరాదు, తెల్లవాఱనిమ్మని వేచియుండరాదు. ఆహారమేమియుఁ బెట్టక వెంటనే ఆసుపత్రికిఁ గొనిపోవలెను. నేర్చిన చేయి సకాలమునఁ దగిలినచో బిడ్డ బ్రదుకును.