ఎండలో చెడి వానలో బయటపడే వైపర్

పికప్ వ్యాన్ ముందద్దం కింద, బానెట్‌కూ అద్దానికీ మధ్య సందులో, చిన్న డీసీ మోటారు ఒకటి ఉంటుంది. అది ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంది. దాని గేరుకు బిగించిన క్రాంకు ఇనప కడ్డీలను ముందుకూ వెనక్కూ నెడితే, ఆ గుండ్రటి తిరుగుడు ఊగుడుగా మారి ఇరుసుల ద్వారా ఆర్మ్‌లకు అందుతుంది. ఆర్మ్‌లోని స్ప్రింగు బ్లేడును అద్దానికి అదిమి పడుతుంది. బ్లేడు అంచున ఉండే పలచటి రబ్బరు పెదవి నీటిని తోసేస్తుంది. వీటిలో ఏది చెడినా డ్రైవరు మెకానిక్‌తో చెప్పేది ఒక్కటే: వైపర్ పోయింది. మెకానిక్ కూడా చాలాసార్లు కొత్త బ్లేడు వేసి పంపేస్తాడు. లోపం మాత్రం ఇంకెక్కడో ఉండొచ్చు.

గోదావరి జిల్లాల్లో రావులపాలెం అరటి గెలలు, అంబాజీపేట కొబ్బరికాయలు, కడియం నర్సరీ మొక్కలు, భీమవరం చుట్టుపక్కల చెరువుల చేపలూ రొయ్యలూ చాలావరకు చిన్న బండ్ల మీదే కదులుతాయి. టాటా ఏస్, బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్ లాంటివి అవి. ఈ సరుకులో చాలావరకు నిలవ ఉండేది కాదు కాబట్టి వాన వెలిసేదాకా ఆగడం కుదరదు. రాత్రీ తెల్లవారుజామూ అని చూడకుండా, ఒక పక్క కాలువ, ఇంకో పక్క పంటబోదె ఉన్న గట్టు రోడ్ల మీద పోవాలి. అలాంటి చోట ముందద్దం మసకబారితే ముందుగా కనబడకుండా పోయేది రోడ్డు అంచే.

నైరుతి రుతుపవనాలు జూన్‌లో మొదలైతే, ఈశాన్య రుతుపవనాలూ తుపాన్లూ కలుపుకుని వానలు దాదాపు డిసెంబరు దాకా వస్తూ పోతూ ఉంటాయి. సంక్రాంతి దాటాక వైపర్‌కు పని ఉండదు. దాని అసలు చేటు అప్పుడే మొదలవుతుంది. రబ్బరు పెదవి అద్దం మీద కాస్త వాలి నడిచి, ప్రతి కొస దగ్గరా ఇటునుంచి అటు పల్టీ కొట్టాలి. ఎండలో కాలిన అద్దానికి నాలుగు నెలలు ఒకే వైపు వంగి నొక్కుకుపోయిన రబ్బరు గట్టిపడి, ఆ వంపులోనే ఉండిపోతుంది. గాలిలోని ఓజోన్ దాని మీద సన్నటి పగుళ్లు తెస్తుంది. తొలకరిలో స్విచ్ వేయగానే పోయేటప్పుడు శుభ్రంగా తుడిచి, వచ్చేటప్పుడు టకటకమంటూ ఎగురుతుంటే కారణం ఇదే. బ్లేడు మీద దుమ్ము లేకపోయినా, చూడటానికి కొత్తదిలా ఉన్నా ఆ రబ్బరు పని అయిపోయినట్టే.

ఈ ప్రాంతంలో వైపర్‌కు శత్రువులు ఇంకో రెండున్నాయి. నదిలో ఇసుక ఎత్తే ర్యాంపుల నుంచి పట్టా కప్పకుండా వచ్చే ఇసుక లారీల వెనక పోతే రేణువులు నేరుగా అద్దం మీద పడతాయి. రైసు మిల్లుల నుంచి ఎగిరే ఊక బూడిద కంటికి ఆనకుండానే పేరుకుంటుంది. ఇసుకలో ఉండేదీ, ఊక బూడిదలో ఎక్కువ భాగం ఉండేదీ సిలికాయే. ఇసుక సిలికా కాఠిన్యం మోస్ కొలతలో 7, అద్దానిది సుమారు 5.5. అంటే అది అద్దాన్ని గీయగలదు. పొడి అద్దం మీద వైపర్ వేయడమంటే ఆ రేణువులను రబ్బరు కింద పెట్టి అద్దాన్ని గరుకు కాగితంతో రుద్దినట్టే. అర్ధచంద్రాకారంలో పడే ఆ గీతలు పగలు తెలియవు. రాత్రి ఎదురు బండి లైటు పడగానే ఒక్కొక్క గీతా మెరిసి, డ్రైవరుకు వెలుతురు తప్ప ఇంకేమీ కనబడదు. చాలామంది దాన్ని ఎదుటివాడి హైబీమ్ తప్పుగా తీసుకుని తిట్టుకుంటారు. సగం తప్పు తమ అద్దానిది.

సముద్రం వారన, అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బండ్లది వేరే కథ. ఉప్పుగాలికి ఇరుసులు తుప్పుపట్టి బిగుసుకుంటాయి. మోటారు మామూలు కంటే ఎక్కువ కరెంటు లాగుతుంది, ఫ్యూజ్ పోతుంది. కొందరు పెద్ద ఫ్యూజ్ వేసి పని గడుపుకుంటారు. అప్పుడు కాలేది మోటారే. మోటారు శబ్దం వస్తూ బ్లేడు కదలకపోతే కడ్డీల కీలు ఊడిందనుకోవచ్చు. రెండు ఆర్మ్‌లలో ఒక్కటే ఆగితే ఆ ఒక్క ఆర్మ్ నట్టు వదులై ఇరుసు మీద జారుతూ ఉండొచ్చు. స్పానరుతో రెండు నిమిషాల పని. బ్లేడు మధ్యలో తుడవకుండా ఒక పట్టీ వదిలేస్తుంటే స్ప్రింగు బలం తగ్గిందో, ఫ్రేము వంగిందో చూడాలి.

తుడిచినా మసక పోకపోతే అది నీళ్ల మసక కాదు. డీజిల్ పొగ జిడ్డూ, సాయంత్రం వరి చేల పక్కన అద్దానికి కొట్టుకుని చచ్చే పురుగుల జిడ్డూ పొరగా పడితే వైపర్ దాన్ని ఇంకా పులుముతుంది. సబ్బునీళ్లతో కడిగితేనే పోతుంది. వైపర్లు మొరాయించినప్పుడు పాతకాలం డ్రైవర్లు అద్దానికి పొగాకు రుద్దేవారు. దాంతో నీళ్లు బొట్లు కట్టకుండా పలచగా పరుచుకుంటే కాసేపు దారి కనబడుతుంది, అంతే. లోపలి ఆవిరి మరో రకం. ఏసీ లేని క్యాబిన్‌లో ముగ్గురు తడిబట్టలతో కూర్చుంటే ఆ తేమ చల్లటి అద్దానికి పట్టుకుంటుంది. బయటి వైపర్ దాన్ని ఏమీ చేయలేదు. బయటి గాలి తీసుకునే బ్లోయరును అద్దం మీదికి తిప్పి, కిటికీ కాస్త దించాలి. చేత్తో తుడిస్తే చేతి జిడ్డు అంటుకుని మరుసటిసారి ఇంకా త్వరగా మసకేస్తుంది.

వైపర్ వేగం కూడా చిన్న విషయం కాదు. అమెరికా భద్రతా ప్రమాణం ప్రకారం పెద్ద స్పీడులో నిమిషానికి కనీసం 45 సార్లు బ్లేడు పోయి రావాలి. అంటే ఆ కనీస వేగంలో ఒక్కో రాకపోకకు ఒకటింబావు సెకను పైనే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఆలోగా 22 మీటర్లు దాటేస్తుంది. బలహీనపడిన మోటారుతో ఆ దూరం ఇంకా పెరుగుతుంది.

లోపం అన్నిసార్లూ వాడకంలో వచ్చేదే కాదు, కంపెనీ నుంచే రావచ్చు. వైపర్ ఆర్మ్‌లు విరిగే ప్రమాదం ఉందని ఫోర్డ్ 2022లో అమెరికాలో ఎఫ్-150తో సహా 6.5 లక్షలకు పైగా బండ్లను వెనక్కి పిలిచింది. ఒకే ఒక్క పెద్ద వైపర్ ఉండే టెస్లా సైబర్‌ట్రక్ పికప్‌లను, మోటారును నడిపే కంట్రోలర్ చెడుతోందని 2024 జూన్‌లో 11,688 దాకా వెనక్కి పిలవాల్సి వచ్చింది. మన దేశంలో ఇలాంటి రీకాల్‌కు ఆదేశించే అధికారం 2019 మోటారు వాహనాల చట్ట సవరణతో ప్రభుత్వానికి వచ్చింది.

1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం బండికి సరిగా పనిచేసే పవర్ వైపర్ ఉండాలి, ముందద్దం కనీసం 70 శాతం వెలుతురును లోపలికి వదలాలి. సరుకు బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అయితే ఆ పరీక్షలో పొడి రోజున ఆర్మ్ కదలడం చూస్తే తెలిసేది మోటారు సంగతే. రబ్బరు సంగతి తెలియాలంటే అద్దం మీద నీళ్లు పోసి చూడాలి. అద్దం పైభాగాన పెద్ద అక్షరాల స్టిక్కర్లు, వేలాడే దండలు, డ్యాష్‌బోర్డు మీద వరసగా పెట్టిన బొమ్మలు తినేసే చూపును ఏ వైపరూ తిరిగివ్వలేదు.

మే నెలాఖరులో, తొలకరికి ముందే, బ్లేడును అద్దం నుంచి లేపి పెదవిని వేలితో తడిమితే పగుళ్లు తెలిసిపోతాయి. ఫ్రేము బాగుంటే కొన్ని రకాల్లో రబ్బరు ఒక్కటే మార్చుకోవచ్చు. ఇరుసుల మీద గ్రీజు, వాషర్ జెట్టు రంధ్రాలకు సన్నటి సూది చాలు. వాషర్ డబ్బాలో కాలువ నీళ్లు పోస్తే ఒండ్రు, నాచు కలిసి పైపు మూసుకుపోతుంది. ఉప్పునీటి రొయ్యల చెరువు నీళ్లయితే ఉప్పు మిగులుతుంది. వడకట్టిన మంచినీళ్లే పోయాలి. గోరుకు తగిలేంత లోతు గీతలు పడిన అద్దాన్ని పాలిష్ పట్టిస్తే ఆ చోట చూపు వంకరపోతుంది. దాన్ని మార్చడమే దారి. కొత్త అద్దానికి పాత బ్లేడు మాత్రం వేయకూడదు.