రైలు పట్టాపై నంబరు: రెండు పట్టికలను కలిపే ఆధారం

రైలు పట్టా పక్కభాగాన్ని దగ్గరగా చూస్తే ఉబ్బెత్తు అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. తయారీదారు పేరు, పట్టా కొలత, ఉక్కు రకం, తయారైన నెల, సంవత్సరం అందులో ఉంటాయి. వాటితోపాటు పట్టా ఇంకా ఎర్రగా కాలుతుండగా గుద్దిన మరో నంబరు కూడా ఉంటుంది. అదే హీట్ నంబరు. ఒక విడతలో తయారైన ద్రవ ఉక్కు మొత్తానికి ఇచ్చే గుర్తింపు అది.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారం దశాబ్దాలుగా భారతీయ రైల్వేకు పట్టాలు అందిస్తోంది. సోవియట్ సహకారంతో నిర్మించిన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. ఇప్పుడు ఇక్కడ 130 మీటర్ల పట్టాను అతుకు లేకుండా ఒకే ముక్కగా తయారుచేస్తున్నారు. మీటరుకు 60 కిలోల లెక్కన అలాంటి పట్టా ఒక్కటే దాదాపు 7.8 టన్నులు తూగుతుంది.

కంటికి కనిపించని పగులు

పట్టా విరిగితే ఎంత ప్రమాదమో 1998 నవంబరు 26న పంజాబ్‌లోని ఖన్నా దగ్గర తెలిసింది. విరిగిన పట్టా వల్ల ఒక రైలు పట్టాలు తప్పింది. దాని పెట్టెలను ఎదురుగా వచ్చిన మరో రైలు ఢీకొంది. 200 మందికి పైగా మరణించారు. పట్టా విరగడానికి వెల్డింగ్ లోపం, అరుగుదల, చలికి సంకోచించడం వంటి కారణాలు చాలా ఉన్నాయి. ఉక్కులో మిగిలిపోయే హైడ్రోజన్ కూడా వాటిలో ఒకటి.

ద్రవ ఉక్కులో హైడ్రోజన్ సులువుగా కరుగుతుంది. ఉక్కు చల్లబడేకొద్దీ దానికి చోటు తగ్గిపోతుంది. బయటకు పోలేని హైడ్రోజన్ లోపలే పేరుకుని వెంట్రుకంత సన్నని పగుళ్లకు దారితీస్తుంది. చక్రాల బరువు పదేపదే పడితే ఆ పగుళ్లు పెరుగుతాయి. అందుకే పట్టాల ఉక్కులో హైడ్రోజన్ పది లక్షల భాగాలకు 1.6 భాగాలు మించకూడదని రైల్వే ప్రమాణం నిర్దేశించింది. అంటే టన్ను ఉక్కులో 1.6 గ్రాములు.

రెండు పట్టికలు, ఒక ప్రశ్న

ఇలాంటి కర్మాగారంలో సమాచారం రెండు చోట్ల పుడుతుంది. ఉక్కు కరిగించే విభాగం పట్టికలో ఒక్కో హీట్‌కు ఒక వరుస ఉంటుంది. కార్బన్, మాంగనీస్, హైడ్రోజన్ ఎంతున్నాయో అందులో తెలుస్తుంది. రైల్ మిల్లు పట్టికలో ఒక్కో పట్టాకు ఒక వరుస ఉంటుంది. దాని పొడవు, అల్ట్రాసోనిక్ పరీక్ష ఫలితం అక్కడ దొరుకుతాయి. లోపం కనిపించిన పట్టాల్లో హైడ్రోజన్ ఎంత? ఈ ప్రశ్నకు ఏ పట్టికా ఒంటరిగా జవాబు చెప్పలేదు. రెండింటిలోనూ ఉన్న హీట్ నంబరు ఆధారంగా వరుసలను జత చేయాలి. కంప్యూటర్ భాషలో దీన్ని జాయిన్ అంటారు. జత కలిపే నంబరును కీ అంటారు. పట్టికలను ఇలా కలిపే పద్ధతికి గణిత పునాది వేసింది ఎడ్గర్ కాడ్. ఆయన ఐబీఎంలో పనిచేస్తూ 1970లో ప్రచురించిన పరిశోధన పత్రంలో దాన్ని వివరించారు.

జత దొరకనివే ముఖ్యం

మిల్లు పట్టికలో 1,000 పట్టాలు ఉన్నాయనుకుందాం. వాటిలో 970కి మాత్రమే ప్రయోగశాల పట్టికలో హీట్ నంబరు దొరికింది. ఇన్నర్ జాయిన్ అనే పద్ధతి ఆ 970నే చూపుతుంది. మిగతా 30 చడీచప్పుడు లేకుండా మాయమవుతాయి. "అన్ని పట్టాల్లోనూ హైడ్రోజన్ పరిమితిలోనే ఉంది" అని నివేదిక వస్తుంది. నిజానికి ఆ 30 గురించి మనకేమీ తెలియదు. లెఫ్ట్ జాయిన్ అయితే 1,000 పట్టాలనూ ఉంచుతుంది. జత దొరకని చోట ఖాళీ వదిలేస్తుంది. ఆ ఖాళీని సున్నాతో నింపితే పొరపాటే. పరీక్ష ఫలితమే లేని పట్టా అప్పుడు అన్నిటికన్నా మేలైనదిగా కనిపిస్తుంది!

జత ఎందుకు దొరకదు? కారణాలు చాలాసార్లు చిన్నవే. ఒక పట్టికలో నంబరు ముందున్న సున్నా ఎగిరిపోతుంది. చివర ఒక ఖాళీ స్థలం చేరుతుంది. సున్నా బదులు ఇంగ్లిష్ అక్షరం 'ఓ' పడుతుంది. దీనికి తిరుగు సమస్యా ఉంది. ఒకే హీట్‌కు రెండుసార్లు పరీక్ష జరిగి రెండు వరుసలుంటే, ఆ హీట్ పట్టాలన్నీ రెండేసి సార్లు లెక్కకొస్తాయి. అందుకే కలపడానికి ముందు, తర్వాత వరుసలను లెక్కపెట్టి చూడాలి.

ఏ సాఫ్ట్‌వేరూ తీర్చలేని చిక్కు మరొకటి ఉంది. నిరంతర పోత పద్ధతిలో ఒక హీట్ వెనుక మరొకటి ఆగకుండా ఒకే తొట్టిలోకి వస్తుంది. అవి కలిసే చోట తయారైన ఉక్కు రెండు హీట్లకూ చెందుతుంది. దాన్ని మిశ్రమ భాగంగా పోత దగ్గరే నమోదు చేయాలి. అక్కడ రాయని సమాచారాన్ని తర్వాత ఏ జాయిన్ కూడా పుట్టించలేదు.

100 టన్నుల హీట్ నుంచి 130 మీటర్ల పట్టాలు సుమారు పన్నెండు రావచ్చు. ఎక్కడో ఒక పట్టాలో లోపం బయటపడితే, మిగతా తోబుట్టువులు ఏ మార్గంలో ఉన్నాయో వెంటనే తెలియాలి. పట్టాపై గుద్దిన నంబరు, ప్రయోగశాల నంబరు, రైలు మార్గం రికార్డులోని నంబరు ఒక్కటైతేనే ఆ వెతుకులాట ఫలిస్తుంది. జత కుదరని వరుసలను తీసేయకుండా పక్కన పెట్టి, ఒక్కోదానికీ కారణం వెతకడం అందుకే అవసరం.