రైళ్లు ఆగిపోయిన దారిలో రికంబెంట్ సైకిళ్లు

రికంబెంట్ సైకిల్ తొక్కేవారు పడక్కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి పెడళ్లు తొక్కుతారు. మెడ మీద, మణికట్ల మీద భారం పడదు కాబట్టి రోజంతా తొక్కినా ఒళ్లు నొప్పులు తక్కువ. గాలి అడ్డూ తక్కువే. 1933లో ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రాన్సిస్ ఫోర్ ఇలాంటి బండి మీద గంటలో 45 కిలోమీటర్లు దాటి, అప్పటి రికార్డును చెరిపేశాడు. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఈ బండ్లను పోటీల్లోంచి తప్పించింది. వీటికి అసలు ఇబ్బంది ఎక్కుడు దారిలో వస్తుంది. మామూలు సైకిల్ మీదైతే లేచి నిలబడి ఒంటి బరువంతా పెడల్ మీద వేయొచ్చు. ఇక్కడ కాళ్ల బలమొక్కటే దిక్కు.

ఈ లోటు కనిపించని చోటు పాత రైలు మార్గం. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. అందుకే ఇంజనీర్లు కొండను నేరుగా ఎక్కించకుండా చుట్టూ తిప్పారు, అడ్డొస్తే సొరంగం తొలిచారు, లోయ మీద వంతెన కట్టారు. విశాఖ నుంచి అరకు రైల్లో వెళ్లినవారు ఈ పద్ధతిని చూసే ఉంటారు. అమెరికాలో రైళ్లు ఆగిపోయిన ఇలాంటి మార్గాలు ఎన్నో పట్టాలు తీసేశాక నడక, సైకిల్ బాటలయ్యాయి. వాటినే రైల్ ట్రెయిల్స్ అంటారు.

వాటిలో పేరున్నది గ్రేట్ అల్లెఘెనీ ప్యాసేజ్. మేరీలాండ్‌లోని కంబర్లాండ్ నుంచి పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ దాకా సుమారు 240 కిలోమీటర్లు. తెలుగువారికి పిట్స్‌బర్గ్ అనగానే పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. బాట మాత్రం నగరం మధ్యలో, రెండు నదులు కలిసే చోట ముగుస్తుంది. 1986లో ఒహాయోపైల్ దగ్గర చిన్న ముక్కగా మొదలై, 2013కు పూర్తయింది. చాలా మేర సున్నపురాయి పొడి పరిచి గట్టిపరిచిన నేల. మోటారు వాహనాలు రావు.

ప్రయాణానికి ముందు తేల్చుకోవలసింది ఏ వైపు నుంచి బయలుదేరాలన్నది. బాటలో ఎత్తైన చోటు ఈస్టర్న్ కాంటినెంటల్ డివైడ్, సముద్రమట్టానికి 729 మీటర్లు. కంబర్లాండ్ నుంచి దాదాపు 540 మీటర్ల ఎత్తును 38 కిలోమీటర్లలోనే ఎక్కాలి. పిట్స్‌బర్గ్ వైపు నుంచి ఇంచుమించు అంతే ఎత్తు 200 కిలోమీటర్ల మీద పరచుకుని ఉంటుంది, ఎక్కుతున్నట్టే తెలియదు. కంబర్లాండ్ వైపున్నదీ నూటికి రెండు లోపు వాలే. కానీ లగేజీతో రెండు చక్రాల రికంబెంట్ వేగం పడిపోతే తూలుతుంది. అలాంటి బండి ఉన్నవారు పిట్స్‌బర్గ్ నుంచి బయలుదేరడమే నయం. మూడు చక్రాల ట్రైక్ ఎంత నెమ్మదిగా వెళ్లినా పడిపోదు కాబట్టి, గేర్లు తేలికగా ఉంటే ఎటు నుంచైనా ఒకటే. ఫ్రాస్ట్‌బర్గ్‌లో మాత్రం బాట నుంచి ఊళ్లోకి ఎక్కే మెలికల దారి నిటారుగా ఉంటుంది. అక్కడ దిగి నెట్టుకెళ్లినా తప్పేమీ లేదు.

కాలం చూసుకోవాలి. డివైడ్‌కు దగ్గర్లోని బిగ్ శావేజ్ సొరంగం సుమారు కిలోమీటరు పొడవు. చలికాలంలో మంచు దెబ్బకు పాడవకుండా దాని తలుపులు మూసేస్తారు, ఏప్రిల్‌లో గానీ తెరవరు. మే నుంచి అక్టోబరు దాకా అనువైన రోజులు. రోజుకు 50, 60 కిలోమీటర్లు పెట్టుకుంటే నాలుగైదు రోజుల పని. మయర్స్‌డేల్, కాన్‌ఫ్లుయెన్స్, కానెల్స్‌విల్ లాంటి ఊళ్లలో బస దొరుకుతుంది. ఊరికీ ఊరికీ మధ్య ఒక్కోచోట 40 కిలోమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి నీళ్లు, తిండి వెంట ఉండాలి.

బండి సంగతికొస్తే, సున్నపురాయి పొడికి 40 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు కావాలి, మడ్‌గార్డులు తప్పనిసరి. రికంబెంట్ చెయిన్ మామూలు సైకిల్ చెయిన్‌కు రెట్టింపు కన్నా పొడవు; దుమ్ము పట్టేదీ అంతే. రోజూ సాయంత్రం గుడ్డతో తుడిచి, జిడ్డు తక్కువుండే నూనె వేయాలి. ట్యూబుల దగ్గర మరో తిరకాసుంది. 20 అంగుళాలని అమ్మేవాటిలోనే 406, 451 మిల్లీమీటర్ల రిములకు వేర్వేరు కొలతలున్నాయి. మొదటిది పిల్లల సైకిళ్లకూ వాడతారు కాబట్టి ఎక్కడైనా దొరుకుతుంది, రెండోది దొరకడం కష్టం. ముందు చక్రానికో కొలత, వెనక చక్రానికో కొలత ఉంటే రెండు రకాలూ వెంట తీసుకెళ్లాలి. బాట రోడ్లను దాటే చోట నేలకు దగ్గరగా ఉండే ట్రైక్ కారు నడిపేవారి కంటపడదు, అందుకే వెనక ఎత్తైన జెండా కడతారు. కార్లు రాకుండా పాతిన స్తంభాల మధ్య సందు తన ట్రైక్ వెడల్పుకు సరిపోతుందో లేదో ముందే కనుక్కోవాలి.

అసలు చిక్కు తిరుగు ప్రయాణం. పిట్స్‌బర్గ్, కానెల్స్‌విల్, కంబర్లాండ్‌లలో ఆమ్‌ట్రాక్ రైలు ఆగుతుంది. కానీ రైల్లో సైకిళ్ల చోటు మామూలు సైకిల్ కొలతలకే. పొడవాటి రికంబెంట్‌నో ట్రైక్‌నో ఎక్కించుకుంటారన్న ధీమాతో టికెట్ కొనకూడదు. బండ్లను చేరవేసే షటిల్ వ్యాన్ మాట్లాడుకోవడం, లేదా మడిచే ట్రైక్‌తో వెళ్లడం మేలు. ఈ ఏర్పాటు ఖాయమయ్యాకే బసలు బుక్ చేయాలి.

కంబర్లాండ్ దగ్గర సి అండ్ ఓ కాలువ గట్టు బాట కలుస్తుంది. అది మరో 297 కిలోమీటర్లు సాగి వాషింగ్టన్ చేరుతుంది. చాలామంది రెండూ కలిపి పెట్టుకుంటారు. అయితే అది కంచరగాడిదలు పడవలు లాగిన మట్టి దారి. వాన పడితే బురద, వేర్లు, గుంతలు. నేలను రాసుకుంటూ వెళ్లే ట్రైక్‌కు అక్కడ సుఖం లేదు. తొలిసారి వెళ్లేవారు కంబర్లాండ్, పిట్స్‌బర్గ్‌ల మధ్య బాటతోనే సరిపెట్టుకోవడం మంచిది.