నీళ్లలో ఊపిరాడక చచ్చే చేప

భీమవరం చేపల మార్కెట్లో బేరం మొదలయ్యేది ధరతో కాదు, మొప్పతో. బొచ్చె చెంప బొటనవేలితో పైకెత్తి, "చూడండి, ఎంత ఎర్రగా ఉందో!" అంటుంది అమ్మే ఆవిడ. ఆ ఎరుపంతా నెత్తురే. దువ్వెన పళ్లలా వరసగా ఉన్న సన్నటి రేకుల్లో, పల్చటి పొర చాటున అది పారుతుంటుంది. నోట్లోకి తీసుకున్న నీరు ఆ రేకుల మధ్య నుంచే బయటికి పోతుంది. నీరు ఇటు వస్తుంటే నెత్తురు దానికి ఎదురు నడుస్తుంది కాబట్టి, రేకు పొడవునా ఆక్సిజన్ అందుతూనే ఉంటుంది. ఇంత ఏర్పాటు ఎందుకంటే, లీటరు గాలిలో ఆక్సిజన్ 210 మిల్లీలీటర్లుంటే, వెచ్చటి చెరువునీటిలో మామూలుగా 5, 6 మిల్లీలీటర్లు కరగడమే గొప్ప.

మరి అంత గాలి ఉన్న గట్టు మీద బొచ్చె ఎందుకు చస్తుంది? నీటి ఆసరా పోగానే రేకులన్నీ తడిసిన పుస్తకంలో కాగితాల్లా అంటుకుపోతాయి. ఇక గాలి తగిలే చోటేదీ?

పక్క బేసిన్లో కొరమేను సంగతి వేరు. బెత్తెడు నీళ్లలో గంటల తరబడి బతికే ఉంటుంది, వల కప్పకపోతే ఎగిరి రోడ్డున పడుతుంది. దాని తలలో మొప్పల పైన ఒక చిన్న గాలి గది ఉంది. గది లోపలి పొర నిండా సన్నటి రక్తనాళాలు. పైకి తేలి ఓ గుక్క గాలి అందులో నింపుకుని మళ్లీ కిందికి పోతుంది. అయితే దాని మొప్పలు ఒక్కటే దాని ప్రాణానికి చాలవు. వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నేనూ నమ్మలేదు.

ఉండి, ఆకివీడు వైపు చెరువుల రైతులకు ఈ తేడా బాగా తెలుసు. మబ్బు పట్టిన రోజు ఎండ చాలక నీటిలోని నాచు ఆక్సిజన్ సరిగా తయారు చేయదు, రాత్రయితే తనే పీల్చుకుంటుంది. తెల్లవారుజామున బొచ్చెలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. రైతు నీటిలో గాలి కలిపే ఏరేటర్ల దగ్గరికి పరుగు తీస్తాడు. అదే నీటిలో కొరమేను మాత్రం ఓ గుక్క గాలి పీల్చి తన దారిన తను పోతుంది.

ఈసారి కొరమేను కొంటే తలకాయ చీల్చాక మొప్పల పైభాగం ఒకసారి చూడండి. ఆ గది వేలికి తగులుతుంది.